నాయనా, ఇది పేకాట కాదు

డోర్ట్‌ముండ్,
నవంబరు 16

నాయనకి, అమ్మకి,

నేను బాగానే ఉన్నాను. మొన్న అమ్మ ఫోను సగంలోనే పెట్టేసింది. మళ్లీ చేస్తే చెల్లి ఎత్తి అమ్మ పూజలో ఉందని చెప్పింది. రాత్రి తొమ్మిదిన్నరకి ఏం పూజ? అత్త చెప్పి ఉంటుందని అప్పుడే అనుకున్నా, ప్రతి శుక్రవారం నేను ఎవరింటికో పోయి పేకాట ఆడుతున్నానని. ఆ ఫొటో స్టేటస్‌లో పెట్టింది నేనే, తప్పు నాదే. బల్ల మీద ముక్కలు, పక్కన గ్లాసులు. ఆ గ్లాసుల్లో ఉన్నది సోడా కలిపిన ఆపిల్ రసం. ఇక్కడ పిల్లలు కూడా తాగుతారు.

ఫోన్లో చెప్తే వాదన అవుతుంది, అందుకే రాస్తున్నా. నాయనా, నువ్వు చదివి నీ మాటల్లో అమ్మకి చెప్పు. పెదనాన్న సంగతి నేను మర్చిపోలేదు. అల్లూరు బస్సు ఆ చేను దగ్గరికి వచ్చేసరికి అమ్మ తల అటు తిప్పుకునేది. అది చూస్తూ పెరిగినవాణ్ణి, నాకు వేరే చెప్పాలా?

ఆఫీసు మామూలే. పని ఉంది, జీతం టైముకి పడుతోంది. చలి మొదలైంది, సాయంత్రం ఐదు కాకముందే చీకటి. స్వెట్టర్లు సరిపోతున్నాయి, పంపొద్దు.

ఆటకి వస్తా. పేరు డొమినియన్. 2008లో వచ్చింది, తయారుచేసింది డొనాల్డ్ వాకరినో అనే అమెరికా ఆయన. 2009లో ఇక్కడ జర్మనీలో ఏటా ఇచ్చే ఉత్తమ ఆట బహుమతి దీనికే వచ్చింది. ఇక్కడ ఆటలంటే ఎంత పిచ్చో నీకు తెలియదు. పక్కనే ఎస్సెన్‌లో అక్టోబరులో బల్ల మీద ఆడే ఆటలకే పెద్ద తిరనాళ్ల లాగా జరుగుతుంది. డొమినియన్‌లో ఎవరూ పైసా పెట్టరు. పెట్టెలో 500 ముక్కలుంటాయి. ఓడినవాడు ఆట అయ్యాక వాటిని రకాలవారీగా సర్ది పెట్టాలి, అదే పందెం. మొదటి నెలన్నర సర్దింది నేనే.

నువ్వు మేడ మీద, కరెంటు పోయిన రాత్రుళ్లు చింతగింజలు పెట్టి రమ్మీ నేర్పావు కదా. కలవని బొమ్మముక్కలు ముందు వదిలించుకో, కౌంటు తగ్గుతుంది అనేవాడివి. అదే బుద్ధితో ఇక్కడ ఆడి చిత్తుగా ఓడాను. ఇందులో వదిలించుకోవాల్సింది చిన్న ముక్కల్ని. అది బుర్రకెక్కడానికే నాకు ఆరు వారాలు పట్టింది.

ఎట్లాగంటే, మొదట అందరికీ ఒకే రకం 10 ముక్కలు ఇస్తారు. 7 రాగి, 3 ఎస్టేట్. రాగి అంటే ఒక నాణెం. ఎస్టేట్‌తో ఏమీ కొనలేవు, చివర్లో ఒక పాయింటు ఇస్తుంది, అంతే. వంతు వచ్చినప్పుడల్లా నీ కట్టలోంచి 5 ముక్కలు ఎత్తి, చేతికొచ్చిన డబ్బుతో మధ్యలో పరిచినవాటిలో ఒకటి కొంటావు. కొన్నదీ వాడినదీ పక్కన పెడతావు. కట్ట అయిపోతే పక్కన పెట్టినవన్నీ కలిపేసి అదే మళ్లీ కట్ట. అంటే ఒకసారి కొన్న ముక్క ఆట అయ్యేదాకా తిరిగి తిరిగి నీ చేతికే వస్తుంది. మంచిదైనా అంతే, చెత్తదైనా అంతే. గెలవాలంటే ప్రావిన్స్ కొనాలి, దానికి 6 పాయింట్లు, ధర 8. మొదట్లో నీ చేతికి సగటున మూడున్నర నాణేలకి మించి రావు. వెండి రెండు నాణేలు, బంగారం మూడు. రెండు బంగారాలు, ఒక వెండి ఒకే చేతిలో పడితే ప్రావిన్స్ నీదే. మధ్యలో ఈ రాగి, ఎస్టేట్ దూరి అవి కలవనివ్వవు.

దానికే చాపెల్ అని ఒక ముక్క. ఇక్కడి పెట్టెలో జర్మన్లో కపెల్లె అని రాసి ఉంటుంది, చిన్న గుడి అన్నమాట. ధర 2 మాత్రమే. అది ఆడితే చేతిలోంచి నాలుగు ముక్కల దాకా ఆటలోంచే తీసెయ్యొచ్చు. పక్కన పెట్టడం కాదు, ఇక తిరిగి రావు. రమ్మీలో నువ్వు పడేసిన ముక్క పక్కవాడికి పనికొస్తుందేమోనన్న భయం ఉంటుంది చూడు, ఇందులో అది లేదు. అమ్మా, జొన్నవాడలో జనం నిద్ర చేసి ఒంటి మీది గాలి వదిలించుకుని పోతారే, అట్లాంటి గుడి అనుకో. ఇందులో మంత్రగత్తె ముక్క కూడా ఉంది, అది ఆడితే మిగతా వాళ్లందరి కట్టలోకీ తలా ఒక శాపం చేరుతుంది, ఒక్కోదానికి ఒక పాయింటు పోతుంది. ఆ శాపం ముక్కల్ని కూడా ఈ గుళ్లోనే వదిలేస్తాం.

అన్నట్టు గుడి అంటే గుర్తొచ్చింది. హామ్ అనే ఊళ్లో కామాక్షి అమ్మవారి గుడి ఉంది. శ్రీలంక తమిళులు కట్టుకున్నారు, 2002లో కుంభాభిషేకం అయింది. మాకు రైల్లో అరగంట కూడా పట్టదు. పోయినవారం వెళ్లాను. నీ పేరు, నాయన పేరు, చెల్లి పేరు చెప్పి అర్చన చేయించా. కుంకుమ కవర్లో పెట్టి ఇందులోనే పంపుతున్నా, చూసుకుని తెరువు.

సరే, చాపెల్. కొనడం ఎవరైనా కొంటారు, దాన్ని వాడటంలో ఉంది విద్య. మొదటి రెండు వంతుల్లోనే కొనాలి, ఒకదాంట్లో చాపెల్, ఇంకోదాంట్లో వెండి. ఆలస్యంగా కొంటే దండగ. ఆసరికి చెత్తతోనే సగం ఆట నడిచిపోయి ఉంటుంది. ఒకసారి తెలివి ఎక్కువై రెండు చాపెళ్లు కొన్నాను. ఒక వంతుకి ఒక్క పనే చెయ్యనిస్తారు కాబట్టి, రెండూ ఒకే చేతిలోకి వస్తే ఒకటి ఊరికే కూర్చుంటుంది. ఇంకోసారి రాగి మొత్తం ఊడ్చేసి, కొనడానికి డబ్బుల్లేక నాలుగు వంతులు గోళ్లు గిల్లుకున్నాను. ఆ రోజు అందరూ నవ్వారు, నాకు కొంచెం ఉక్రోషం వచ్చింది కూడా. అమ్మకి ఇది చదివి వినిపించకు.

నువ్వు అడుగుతావని తెలుసు, ఎస్టేట్‌కి పాయింటు ఉంది కదరా, మూడు పాయింట్లు చేతులారా పారేస్తావా అని. నేనూ అదే లెక్క వేసుకుని మొదట దాచుకున్నాను. కానీ ఆ మూడూ కలిపినా అర ప్రావిన్స్. వాటిని మోసుకు తిరిగితే నీకు రావాల్సిన ప్రావిన్స్‌లు రెండు తగ్గుతాయి. ఒక్క సందర్భంలో మాత్రం ఆగాలి. మధ్యలో పరిచినవాటిలో తోటలు అనే ముక్క ఉంటే, దాన్ని కొన్నవాడికి కట్టలో ఉన్న ప్రతి 10 ముక్కలకి ఒక పాయింటు. అట్లాంటి రోజు కట్ట పెంచేవాడి పని బాగుంటుంది.

మొన్న శుక్రవారం మూడో వంతులో చాపెల్ చేతికొచ్చింది, దాంతో 2 ఎస్టేట్లు, 2 రాగి. నాలుగూ వదిలేశా. ఆ వంతు ఏమీ కొనలేదు. పక్కనున్న పోలండ్ కుర్రాడు వెండి కొంటూ నా వంక జాలిగా చూశాడు. తర్వాత తర్వాత నా కట్ట ఎంత పల్చబడిందంటే, రెండు చేతులు ఎత్తితే అయిపోయేది. ఎత్తినప్పుడల్లా బంగారం కనబడేది. నలుగురం ఆడాం, 12 ప్రావిన్స్‌ల్లో 5 నావే. పెట్టె పోలండ్ కుర్రాడు సర్దాడు.

ఇంత ఆనందమేంటి ఒక ఆటకి అంటావేమో. వారమంతా ఇంటికొచ్చి కుక్కర్ పెట్టుకుని తింటాను. శుక్రవారం మాత్రం ఒకడు ఏడింటికి రా అని మెసేజ్ పెడతాడు. అంతే నాయనా. తాగుడూ లేదు, డబ్బూ లేదు. పదిన్నరకి రూముకి వచ్చేస్తా.

చేపల పులుసు పెట్టాను. చేప ఫ్రీజర్‌ది, మామిడికాయ తమిళుల కొట్లోది. పులుసు చిక్కబడలేదు. ముక్కలు ముందే వేశానా, మామిడికాయ ముందే వేశానా అన్నది చెల్లిని మెసేజ్ పెట్టమను. ఇంటి ఓనరు పాత రూము అడ్వాన్సు ఇంకా తిరిగి ఇవ్వలేదు, ఇస్తాడు, దాని గురించి టెన్షన్ పడొద్దు.

అమ్మా, స్వర్ణాల చెరువు దగ్గర నువ్వు పట్టిన ఉద్యోగం రొట్టె బాకీ ఇంకా అట్లాగే ఉంది. నేను ఉన్నప్పుడే ఇద్దాం అన్నావు. వచ్చే రొట్టెల పండక్కి లీవు దొరుకుతుందో లేదో. దొరక్కపోతే నా తరఫున నువ్వే ఇచ్చెయ్, ఎవరైనా చదువుకున్న పిల్లవాడికి ఇవ్వు.

నాయనా, బీపీ మాత్రలు మధ్యాహ్నానికి వాయిదా వెయ్యకు. సంక్రాంతికి టికెట్ చూస్తున్నా. వస్తే ఈ పెట్టె తెస్తా. అరుగు మీద కాదులే, లోపల, అమ్మ ఎదురుగానే ఆడదాం. చింతగింజలు కూడా వద్దు.

ఈలోపు ఒకటి చెప్పు. మొన్నటి ఆటలోనే చాపెల్ రెండోసారి వచ్చినప్పుడు నా చేతిలో ఒక వెండి, రెండు రాగి, ఒక ఎస్టేట్ ఉన్నాయి. నేను ఎస్టేట్‌నీ ఒక రాగినీ వదిలేసి, మిగిలిన మూడు నాణేలతో ఇంకో వెండి కొన్నా. మా టీమ్ లీడ్ మాత్రం రెండో రాగిని కూడా వదిలెయ్యాల్సింది, వెండి తర్వాతైనా కొనుక్కోవచ్చు అంటాడు. నువ్వయితే ఏం చేస్తావు? ఫోన్లో అమ్మ లేనప్పుడు చెప్పు.

మీ
పెద్దోడు