ఉబ్బసం రోగినీ ఒక మాట అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం.

చిత్తూరులో మందుల షాపు నడుపుతున్నాను. ఉబ్బసం మందుల చీటీ తెచ్చేవాళ్లలో చాలామంది డాక్టర్ని అడగాల్సినవన్నీ మా కౌంటర్ దగ్గర అడుగుతారు. ఈ పంపు అలవాటైపోతుందా, స్టెరాయిడ్ అంటున్నారే ఎముకలు గుల్లబారవు కదా, ఆయాసం తగ్గినాక మానేయొచ్చా, నీలం రంగుది ఒక్కటి చాలదా. లోపల ఎందుకు అడగలేదమ్మా అంటే ‘బయట అంతమంది కూర్చోనుంటే ఏం అడిగేది సార్’ అంటారు. డాక్టర్లను తప్పుపట్టడానికి రాయడం లేదు, ఓపీ రద్దీ నాకు తెలుసు. కానీ రోగికి ఎంత తెలుసుకోవాలనుందో, మందు విషయంలో తన మాట ఎంతవరకు ఉండాలనుకుంటున్నారో అడక్కుండానే ‘వీళ్లకివన్నీ ఎందుకులే’ అని తేల్చేస్తున్నాం. నా బాధంతా అదే.

ఇది అడిగి కొలవగలిగిన విషయమే. 1989లో అమెరికాలో ఎండే అనే డాక్టరు, ఆయన సహచరులు దీనికోసం ఒక ప్రశ్నావళి తయారుచేశారు. తెలుసుకోవాలన్న కోరికకు ఒక మార్కు, నిర్ణయంలో పాలు పంచుకోవాలన్న కోరికకు ఇంకో మార్కు. తేలిందేమిటంటే, తెలుసుకోవాలన్న కోరిక రోగుల్లో చాలా బలంగా ఉంది, నిర్ణయం మాత్రం డాక్టరే తీసుకుంటే మేలనుకునేవాళ్లు ఎక్కువ, జబ్బు ముదిరేకొద్దీ మరీ ఎక్కువ. తర్వాత ఆస్ట్రేలియాలో ఉబ్బసం రోగుల్ని అడిగినప్పుడు కూడా, ఆయాసం తీవ్రమైతే డాక్టరే చూసుకోవాలనే వైపే మొగ్గారు. అంటే ‘మీ ఇష్టం సార్’ అన్న మనిషి నిర్ణయాన్ని వదిలేశాడే గానీ, తెలుసుకోవడాన్ని వదులుకోలేదు. మన దగ్గర ఈ రెండూ ఒకటే అనుకుంటున్నాం.

ఉబ్బసంలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే అర్ధరాత్రి ఆయాసం వస్తే పక్కన డాక్టర్ ఉండడు, ఏ పంపు ఎన్నిసార్లు కొట్టాలో ఇంట్లోవాళ్లే తేల్చుకోవాలి. నీలం రంగు పంపులో ఉండే సాల్‌బుటమాల్ వెంటనే ఊపిరి ఆడేలా చేస్తుంది కానీ ఊపిరి గొట్టాల లోపలి వాపును తగ్గించదు, ఆ పని బ్యుడెసొనైడ్ లాంటి, పీల్చే స్టెరాయిడ్ మందుది, దాని ఫలితం అప్పటికప్పుడు కనిపించదు, కనిపించక మానేస్తారు. సాల్‌బుటమాల్ ఒక్కదానితోనే నెట్టుకురావద్దని అంతర్జాతీయ ఉబ్బసం మార్గదర్శకాలు 2019లోనే చెప్పాయి. ఆ సంగతి మా పలమనేరు, పుంగనూరు వైపు తెల్లారకముందే చలిలో పాలు పితకడానికి లేచే ఆడమనిషికి ఎవరు చెప్పాలి? పొడి క్యాప్సూల్ మెషీనా, పంపా, ఏది తనకు వీలు, ఏది కొనగలదు అన్నది ఆమెను అడక్కుండా ఎట్లా తెలుస్తుంది? అమెరికాలో జబ్బు అదుపులో లేని 612 మంది ఉబ్బసం రోగులతో చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, రోగితో కలిసి మందు నిర్ణయించినచోట మందు వాడకం మెరుగైంది, జబ్బూ బాగా అదుపులోకి వచ్చింది.

రాయలసీమ జనమంతా వైద్యానికి వచ్చే తిరుపతిలో రుయా ఆసుపత్రి ఉంది, స్విమ్స్ ఆసుపత్రి ఉంది, వైద్య విద్యార్థులున్నారు. ఆ ప్రశ్నావళిని మన మాటల్లోకి తెచ్చి పరీక్షించమని కోరుతున్నాను. ఉన్నది ఉన్నట్టు అనువదిస్తే సరిపోదు, మన ఇళ్లలో నిర్ణయం చాలాసార్లు కొడుకుదో కోడలిదో, ఆ ప్రశ్న కూడా చేర్చాలి. చదువు రానివాళ్లకు చదివి వినిపించాలి, సరిహద్దు ఊళ్లవాళ్ల కోసం తమిళంలోనూ ఉండాలి, డాక్టర్ ఎదురుగా మాత్రం అడగకూడదు. ముందు ఒక్క ఛాతీ వ్యాధుల ఓపీలో మొదలుపెట్టినా చాలు. చదివి వినిపించేందుకు మనుషులు కావాలంటే నేను వస్తాను.

– ఒక ఫార్మసిస్టు, చిత్తూరు