ట్యూబ్ ఫీడింగ్ ఇంట్లో చూసుకుంటున్నవాళ్లకు

అందరికీ నమస్కారం. రాత్రి ఒకరు ట్యూబ్ బ్లాక్ అయిందని మెసేజ్ పెట్టారు కదా, ఆ టెన్షన్ నాకు తెలుసు. మా అమ్మకు పొట్టకు ట్యూబ్ వేసిన మొదటి వారంలోనే మాకూ అదే జరిగింది. మాత్ర సరిగ్గా నూరకుండా ఫీడ్‌లో (ట్యూబ్ ద్వారా ఇచ్చే ద్రవాహారంలో) కలిపేశాను. సిరంజి కదిలితే ఒట్టు! ఇంటికి వచ్చే నర్సు గోరువెచ్చని నీళ్లు పట్టి, ప్లంజర్‌ని (సిరంజిలో నొక్కే కడ్డీని) మెల్లగా ముందుకీ వెనక్కీ ఆడిస్తే కాసేపటికి దారి ఇచ్చింది. బలంగా నొక్కకండి, తీగలు పెట్టి పొడవకండి.

ఫీడ్‌కి ముందు, తర్వాత ట్యూబ్‌లోంచి నీళ్లు పంపడం తప్పనిసరి. పెద్దవాళ్లకు మామూలుగా 30 మి.లీ.; పిల్లలకు, నీళ్లు తగ్గించమన్నవాళ్లకు డాక్టర్ చెప్పినంతే. మందులు ఒక్కొక్కటీ విడిగా ఇవ్వాలి. కొన్ని మాత్రలు అసలు నూరకూడదు, ఫార్మసిస్టుని అడగండి. ఫీడ్ ఇచ్చేటప్పుడు తలవైపు 30 నుంచి 45 డిగ్రీల ఎత్తు ఉండాలి, అయ్యాక కనీసం అరగంట అలాగే ఉంచాలి.

పొట్ట ట్యూబ్ ఊడిపోతే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు, రంధ్రం కొన్ని గంటల్లోనే మూసుకుపోవచ్చు. వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. ముక్కు నుంచి పొట్టలోకి వేసిన ట్యూబ్ అయితే, అది చోటు తప్పిందని అనుమానం వస్తే ఫీడ్ ఆపి నర్సుకి ఫోన్ చేయండి.

నర్సు, డైటీషియన్ నంబర్లు, ట్యూబ్ సైజు కాగితం మీద రాసి మంచం పక్కన అంటించుకోండి. అర్ధరాత్రి ఫోన్‌లో వెతుక్కోవడం నావల్ల కాలేదు.