వార్షిక నివేదిక: మన లెగ్ హార్మోనియం మళ్లీ పలికింది

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదికలో వేసిన నాటకాలు, జరిగిన సమావేశాలు, వచ్చిన చందాలు వరసగా చెప్పుకుంటాం. ఈసారి వాటిని రెండు ముక్కల్లో ముగిస్తాను. ఉగాదికీ దసరాకీ పద్య నాటకాలు వేశాం. నెలనెలా రిహార్సల్ ఆగలేదు. జమాఖర్చుల కాగితం విడిగా జతచేశాం, సర్వసభ్య సమావేశంలో చదివి వినిపిస్తాం. ఇక మిగిలిన చోటంతా సామాన్ల గదిలో తెరల మూటల కింద ఏళ్ల తరబడి పడున్న లెగ్ హార్మోనియానిది. ఈ ఏడాది మనం చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా విలువైనది అదే.

కొత్తగా చేరిన పిల్లల కోసం కాస్త చెప్తాను. కాళ్లతో పెడల్ తొక్కుతుంటే తిత్తిలోకి గాలి చేరుతుంది కాబట్టి రెండు చేతులూ స్వరాల మెట్ల మీదే ఉంచొచ్చు. మైకుల్లేని రోజుల్లో నేల టిక్కెట్టు నుంచి వెనక కుర్చీల దాకా శృతి వినిపించడానికి ఇదే దిక్కు. పద్యం ఎత్తుకునే ముందు రాగం అందించేది హార్మోనిస్టే. నటుడు ఊపిరి తీసుకునే చోట ఖాళీ పూడ్చేదీ ఆయనే. ఈ వాద్యానికి పారిస్‌లో అలెగ్జాండర్ దెబెయిన్ 1842లో పేటెంటు పొందాడు. 1875లో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని కింద కూర్చుని వాయించే చేతి పెట్టెగా మార్చాడు. గమకాలు పలకవన్న అభ్యంతరంతో ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని నిషేధించి, 1971 దాకా రానివ్వలేదు. ఆ ముప్పై ఏళ్లూ మన రంగస్థలం మాత్రం దాన్ని వదల్లేదు.

పెట్టె తెరిచిన రోజు చాలా బాధేసింది. తిత్తి మడతల్ని ఎలుకలు కొరికేశాయి. గాలికి అదిరి స్వరం పలికే ఇత్తడి నాలికల్ని రీడ్లంటారు. వాటిలో పదకొండు పలకలేదు, ఒకటైతే మొదలు దగ్గరే విరిగిపోయి ఉంది. ఎప్పుడో ఒకచోట రిపేరుకిస్తే చీలిన చోటల్లా తెల్ల గమ్ము పూసి పంపారు. అది ఎండి రాయిలా బిగిసింది, ఊడదీస్తుంటే చెక్క కూడా లేచింది. అందుకే ఈసారి పాత పద్ధతిలో, పశువుల చర్మం నుంచి చేసే వజ్రం జిగురు కాచి వాడాం. వేడినీళ్ల గుడ్డ పెడితే మెత్తబడుతుంది కనుక మన తర్వాత వచ్చేవాళ్లు పాడుచెయ్యకుండా విప్పగలరు. తిత్తికి కొత్త మేకతోలు వేయించాం. విరిగిన రీడు బదులు గుజరాత్‌లోని పాలితానాలో చేసిన రీడు తెప్పించి బిగించాం. మిగతా పది రీడ్లకు పట్టింది దుమ్మూ చిలుమే. నాలిక కిందకు పల్చటి కాగితం దూర్చి మెల్లగా లాగితే ఒక్కోటీ గొంతు విప్పింది.

దీని వయసు తెలిసింది తిత్తి వల్లే. లోపలి మడతకు ఎవరో నాటకం కరపత్రం చింపి అతుకు వేశారు. తడిపి జాగ్రత్తగా విడదీస్తే సగం ముక్క చేతికొచ్చింది. "రాత్రి 9-30 గం.లకు" అనీ, కింద "కుర్చీ 8 అణాలు, బెంచి 4 అణాలు, నేల 2 అణాలు" అనీ ఉంది. తేదీ, ఊరు చిరిగిన వైపున పోయాయి. అణాలు పోయి నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్‌లో. అంటే ఆ కరపత్రం వేసింది ఇంచుమించు అంతకు ముందే. అది వేసే నాటికే తిత్తి చిరిగిందనుకుంటే పెట్టె ఇంకా పాతది. పైచెక్క మీద "కలకత్తా" అన్న ఒక్క మాట తప్ప అక్షరాలన్నీ చెరిగిపోయాయి.

అందరం టెన్షన్ పడ్డది శృతి దగ్గర. రీడ్లన్నీ శుభ్రం చేశాక ఫోనులో ట్యూనర్ పెట్టి చూశాం. ఆరు శృతి తెల్లమెట్టు, ఇప్పటి కొలత ప్రకారం సెకనుకు 440 కంపనాల దగ్గర కాకుండా 435 దగ్గర పలికింది. ఏదో ఒక రీడు కాదు, అన్నీ ఒకే కొలతన దిగి ఉన్నాయి. 435 అనేది 1859లో ఫ్రాన్సు ఖాయం చేసిన కొలత. 440కి ఒప్పందం కుదిరింది 1939లో లండన్‌లో. మనదాన్ని తయారుచేసినవాళ్లు పాత కొలతకే కట్టి ఉంటారని నా నమ్మకం. ఎలక్ట్రానిక్ శృతిపెట్టె పక్కన పెడితే ఆ మెట్టు దగ్గర సెకనుకు ఐదుసార్లు ధ్వని ఊగుతుంది. కీబోర్డుతో కలవాలంటే ప్రతి రీడు కొసా కాస్త గీకి శృతి పెంచాలి. కార్యవర్గంలో గంటన్నర వాదన జరిగింది. గీకిన ఇత్తడి తిరిగి రాదన్న మాట మీద చివరికి ఒప్పుకున్నాం. దీన్ని దీని శృతికే వదిలేస్తున్నాం. దీనితో పాడేటప్పుడు తబలా దీనికే కలుపుకుందాం, కీబోర్డు పక్కన పెడదాం. కొత్త రీడును మాత్రం మొదలు దగ్గర గీకి మిగతావాటి స్థాయికి దించాం.

దసరా రాత్రి హరిశ్చంద్ర నాటకంలోని కాటిసీనుకు దీన్ని వాయించాం. మెట్ల మీద పాతకాలం హార్మోనిస్టు సిరాతో రాసి అంటించిన "1½", "5½" అనే శృతుల అంకెల చీటీలు ఇంకా ఉన్నాయి. మన హార్మోనిస్టు వాటిని చూసుకుంటూనే వాయించాడు. రెండో పద్యానికే "వన్స్ మోర్" అన్నారు.

రిహార్సల్ అయ్యాక పెట్టె మీద బట్ట కప్పండి. వానాకాలంలో కిటికీ పక్కన ఉంచకండి. మరో మనవి: మీ ఇళ్లలో పాత ట్రంకుపెట్టెల్లో నాటకాల కరపత్రాలు ఉంటే తెచ్చి చూపించండి. అణాల లెక్కన టిక్కెట్టు, 9-30 గంటల ఆట ఉన్న కాగితం ఏదైనా దొరికితే మన సగం ముక్క పక్కన పెట్టి అక్షరాలు సరిచూస్తాం.

— కార్యదర్శి