పండుగకు రెండు వారాల ముందే డ్యూటీ చార్టు గోడ మీద ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

పండుగల సీజన్ దగ్గర పడగానే పత్రికల నిండా గిరాకీ గురించి, రద్దీ గురించి, తగ్గింపు ధరల గురించి వార్తలే. ఆ రద్దీని తట్టుకుంటూ కౌంటర్ల వెనక నిలబడే మనుషుల పనివేళల గురించి రాసేవాళ్ళు తక్కువ. ఐదుగురో ఎనిమిది మందో పనిచేసే చిన్న దుకాణాల్లో ఎవరు ఎన్నింటికి రావాలో, ఎవరికి సెలవో చాలాసార్లు ముందు రోజు రాత్రి దాకా తేలదు. ఒక చిన్న వ్యాపారంలో చాలాకాలంగా డ్యూటీలు వేసే పని నాది. యజమాని ఇబ్బందీ తెలుసు, పనివాళ్ళ ఇబ్బందీ తెలుసు. అందుకే ఈ ఉత్తరం.

పండుగ రోజుల డ్యూటీ చార్టు కనీసం రెండు వారాల ముందు రాసి, అందరికీ కనిపించేలా గోడకు పెట్టాలి. పండుగ నాటి సెలవు యజమాని దయ మీద కాకుండా వంతుల ప్రకారం రావాలి. ఇందుకు ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కర్లేదు, ఒక నోటుపుస్తకం చాలు.

ఈ మాట అంటే యజమానుల నుంచి వచ్చే మొదటి జవాబు, ‘గిరాకీ ఎలా ఉంటుందో ముందే ఎవరికి తెలుసు?’ అని. పండుగ తేదీ ఏడాది ముందే క్యాలెండర్‌లో ఉంటుంది. పోయినేడాది ఆ వారంలో ఇచ్చిన బిల్లులు కంప్యూటర్‌లోనో బిల్లు పుస్తకంలోనో ఉంటాయి. కంప్యూటర్ బిల్లు మీద టైము కూడా పడుతుంది కాబట్టి ఆ బిల్లులు తీసి ఏ గంటలో ఎన్ని వచ్చాయో లెక్కపెడితే చాలా సంగతులు బయటపడతాయి. ఎంత పెద్ద పండుగైనా రోజంతా ఒకే తీరున జనం రారు. కొన్ని గంటలు ఊపిరి తిప్పుకోనివ్వవు, కొన్ని గంటలు ఖాళీగా పోతాయి. అయినా మనం చేసేది, అందరినీ పొద్దున తెరిచినప్పటి నుంచి రాత్రి మూసేదాకా నిలబెట్టడం. అసలు జనం వచ్చే వేళకు అందరి కాళ్ళూ పీకుతుంటాయి, మాట విసురుగా వస్తుంది, చిల్లర లెక్క తప్పుతుంది. అలా కాకుండా ఒక జట్టు పొద్దున్నే, ఇంకో జట్టు మధ్యాహ్నం వచ్చేలా వేసి, రద్దీ గంటల్లో రెండు జట్లూ కలిసేలా చూస్తే అదే మందితో పని సాఫీగా నడుస్తుంది. అంచనా కాస్త అటూ ఇటూ అయినా పర్వాలేదు. చార్టులో ఒకటి రెండు మార్పులు చేసుకోవడం వేరు, అసలు చార్టే లేకపోవడం వేరు.

రాత్రి పదకొండింటికి ‘రేపు పొద్దున్నే వచ్చెయ్’ అని ఫోన్లో మెసేజ్ పెట్టడం యజమానికి క్షణంలో పని. అందుకున్న మనిషికి ఆ రాత్రంతా సర్దుబాటే. పిల్లల్ని ఎవరి దగ్గర వదలాలి, పెద్దవాళ్ళకు మందులు ఎవరిస్తారు, ఊరికి తీసుకున్న టికెట్ ఏం చేయాలి అని తలపట్టుకోవాలి. ఈ బాధ గుర్తించే అమెరికాలోని సియాటిల్ నగరంలో 2016లో, ఒరెగాన్ రాష్ట్రంలో 2017లో చట్టాలు చేశారు. ఇప్పుడు ఆ రెండు చోట్లా రిటైల్, హోటల్ రంగాల్లోని పెద్ద సంస్థలు పని షెడ్యూలును 14 రోజుల ముందే ఇవ్వాలి. ఒరెగాన్ చట్టం 500 మందికి తక్కువ ఉన్న సంస్థలకు వర్తించదు. చిన్న వ్యాపారాన్ని చట్టం వదిలేసినంత మాత్రాన అక్కడ పనిచేసేవాళ్ళకు ఆ అవసరం లేకుండా పోదు. నిజానికి ఐదుగురు ఉన్నచోట చార్టు వేయడం ఐదు వందల మందికి వేయడం కంటే ఎంతో సులువు.

దీనివల్ల వ్యాపారానికి నష్టమని భయపడేవాళ్ళు ఒక ప్రయోగం సంగతి తెలుసుకోవాలి. అమెరికాలో గ్యాప్ అనే సంస్థ దుస్తుల దుకాణాలు కొన్నింటిలో పనివేళలను నిలకడగా ఉంచి పరిశోధకులు పరిశీలించారు. 2018లో వెల్లడైన ఫలితాల ప్రకారం ఆ దుకాణాల్లో అమ్మకాలు దాదాపు 7 శాతం పెరిగాయి. నాకిది ఆశ్చర్యం కలిగించలేదు. వేళలు నిలకడగా ఉంటే పని తెలిసిన మనిషి మానేయడు, ఏ సరుకు ఎక్కడుందో వెతుక్కోకుండా చేతికి అందిస్తాడు.

ఇక పండుగ నాటి సెలవు. మనసులు ఎక్కువగా విరిగేది ఇక్కడే. అడగడానికి మొహమాటపడేవాడు, కొత్తగా చేరినవాడు, పెళ్లి కానివాడు ప్రతిసారీ దొరికిపోతాడు. ‘నీకేం, పిల్లాజెల్లా లేరుగా’ అంటారు. వాడికీ ఎదురుచూసే అమ్మానాన్నలు ఉంటారని ఎవరికీ తోచదు. వేరే మతం వాళ్ళను ‘ఇది మీ పండుగ కాదుగా’ అని నిలబెడతారు. వాళ్ళు సంతోషంగానే ఒప్పుకుంటారు కూడా. మరి వాళ్ళ పండుగ వచ్చినప్పుడు అడక్కుండానే సెలవు ఇవ్వాలి కదా! ఆ మాట మర్చిపోవడం అన్యాయం. ఆడవాళ్ళ సంగతి మరీ కష్టం. ఇంట్లో పండుగ పని తెల్లవారకముందే మొదలుపెట్టి, అది ముగించుకుని కౌంటర్ దగ్గరికి వస్తారు.

మా దగ్గర పాటించే పద్ధతి చెబుతాను. సెలవు కావాల్సినవాళ్ళు ఫలానా తేదీలోగా పుస్తకంలో రాయాలి. ఒకే రోజును ఇద్దరు కోరితే, పోయినేడు ఆ పండుగకు పని చేసినవాళ్ళకే మొదటి హక్కు. అప్పుడూ తేలకపోతే రోజును రెండు పూటలుగా పంచుతాం. డ్యూటీలు మార్చుకోవాలంటే ఇద్దరూ పుస్తకంలో సంతకం చేయాలి. యజమాని పేరు కూడా చార్టులో ఉంటుంది, ఆయనకూ పండుగ పూట ఒక వంతు పడుతుంది. ఈ చివరి నియమం వచ్చాకే సణుగుడు బాగా తగ్గింది.

సీజన్‌కని తాత్కాలికంగా తీసుకునేవాళ్ళ గురించి ఒక్క మాట. వాళ్ళను పండుగ ముందు రోజు కాకుండా కనీసం వారం ముందు రప్పించండి.

విశ్రాంతి విషయంలో మాత్రం రాజీ పడకూడదు. రాత్రి దుకాణం మూసిన మనిషినే మర్నాడు పొద్దున తాళం తీయడానికి రమ్మనడం ఈ సీజన్‌లో మామూలైపోయింది. యూరోపియన్ యూనియన్ 2003 నాటి పనివేళల నిబంధనల ప్రకారం ప్రతి 24 గంటల్లో వరసగా 11 గంటల విశ్రాంతి ఉండాలి. దుకాణాలు, కార్యాలయాల్లో పనిచేసేవాళ్ళకు ఏడు రోజులకోసారి ఏకధాటిగా 24 గంటల సెలవు ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1957లోనే ఒప్పందం చేసింది. వరసగా 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి చురుకుదనం దాదాపు ఒకటేనని పరిశోధనలు చెబుతున్నాయి. ఆ స్థితిలోనే మన కుర్రాళ్ళు అర్ధరాత్రి బండి మీద ఇంటికి వెళ్తున్నారు. అదనపు గంటలకు ఎంత ఇస్తారో, రద్దీలో వదులుకున్న వారపు సెలవు ఏ రోజు తిరిగి ఇస్తారో చార్టు కిందే రాయాలి. నోటి మాటగా వదిలేస్తే సీజన్ ముగిశాక ఎవరికీ గుర్తుండదు.

యజమానుల వైపు నుంచి ఒక నిజం ఒప్పుకోవాలి. ఏడాది అద్దె, అప్పుల వడ్డీ ఈ నాలుగు వారాల్లోనే తీరాలి. పక్క దుకాణం అర్ధరాత్రి దాకా తెరిచి ఉంటే తాను ముందే ఎలా మూస్తాడు? ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. వెనక్కి చూస్తే, బ్రిటన్‌లో 18 ఏళ్ళలోపు వాళ్ళతో వారానికి 74 గంటలకు మించి దుకాణాల్లో పని చేయించకూడదని 1886లో చట్టం చేయాల్సి వచ్చింది. అదీ భోజన సమయంతో కలిపి! అక్కడి దుకాణ ఉద్యోగులందరికీ వారానికి ఒక పూట సెలవు చట్టపరంగా దక్కింది 1911లో. వ్యాపారులందరికీ ఒకే నియమం పెట్టాకే అది సాధ్యమైంది.

అందుకే వర్తక సంఘాలను కోరుతున్నాను. సీజన్ మొదలయ్యే ముందు ఒకసారి కూర్చుని, మీ వీధిలో అందరూ ఒకే వేళకు మూసేలా నిర్ణయించండి. ఆ వేళను షట్టర్ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. కొనుగోలుదారులు ఆ వేళకు ముందే రండి. కార్మిక శాఖ అధికారులు పండుగ అయ్యాక ఫిర్యాదుల కోసం చూడకుండా, ముందే దుకాణాలకు వెళ్ళి చార్టు గోడ మీద ఉందో లేదో అడగండి. మీ పత్రిక కూడా ఈసారి రద్దీ ఫొటోలతో పాటు, దుకాణాలు ఎన్నింటికి మూస్తున్నాయో వీధులవారీగా ప్రచురిస్తే మాలాంటి వాళ్ళకు ఎంతో సాయం చేసినట్లవుతుంది.

ఇట్లు,
ఒక చిన్న వ్యాపారంలో డ్యూటీలు వేసే ఉద్యోగి