మూడు నెలల్లో అయిపోతుందనుకున్న యుద్ధం

సెంటర్‌విల్, వర్జీనియా

నాయనకు నమస్కారాలు.

మేమంతా క్షేమం. అమ్మ మోకాళ్ల నొప్పి ఎట్లుందో రాయి.

పోయిన వారం పిల్లల్ని అమెరికా అంతర్యుద్ధం నాటి మనాసస్ యుద్ధభూమికి తీసుకుపోయినాం. జమ్మలమడుగు బడిలో ఏ యుద్ధం చెప్పినా "దాని తర్వాత ఏం మారింది?" అని అడిగేవాడివి కదా. అక్కడ తిరిగినంతసేపూ అదే నా మనసులో మెదిలింది.

1861 ఏప్రిల్‌లో, విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల తిరుగుబాటు అణచడానికి అమెరికా అధ్యక్షుడు లింకన్ 75,000 మందిని 90 రోజులకు సైన్యంలోకి పిలిచినాడు. అప్పటి చట్టం అంతకు మించి ఒప్పుకోదు. జనం కూడా అంతే చాలనుకున్నారు. సేనకు ఇంకా తర్ఫీదు చాలదని సేనాని మెక్‌డోవెల్ చెప్పినా లింకన్ వినలేదు. జులై 21 ఆదివారం పోరు. వాషింగ్టన్ నుంచి కాంగ్రెస్ సభ్యులు, పెద్దింటి వాళ్లు పుష్పగిరి తిరునాళ్లకు పోయినట్టు సద్దిమూటలు కట్టుకొని చూడ్డానికి వచ్చినారు!

పొద్దున లింకన్ వైపున్న ఉత్తరాది వాళ్లదే పైచేయి. అయితే షెనండోవా లోయ నుంచి జాన్‌స్టన్ సేన రైళ్లలో వచ్చి దక్షిణాది వాళ్లతో కలిసింది. చివరి దళమైతే ఆ మధ్యాహ్నమే దిగింది. హెన్రీ గుట్ట మీద నీలం బట్టల్లో వస్తున్న శత్రువుల్ని తమవాళ్లే అనుకొని ఉత్తరాది ఫిరంగులు కాల్పులు ఆపినాయి. ఆ ఫిరంగులు శత్రువుల చేతికి పోయినాయి. సాయంత్రానికి సైనికులు, చూడొచ్చినవాళ్లు, బండ్లు అన్నీ ఒకే దారిన వెనక్కి పరుగు.

ఆ గుట్ట మీది ఇంట్లో మంచం పట్టిన ముసలమ్మ జూడిత్ హెన్రీ గుండ్లు తగిలి చనిపోయింది. సమాధి అక్కడే ఉంది. చాలాసేపు కదల్లేకపోయినా నాయనా.

మరుసటి రోజే 5 లక్షల మందిని మూడేళ్ల దాకా తీసుకునే చట్టం మీద లింకన్ సంతకం పెట్టినాడు. మెక్‌క్లెల్లన్ అనే ఇంకో సేనానిని పిలిపించి సైన్యాన్ని కొత్తగా కట్టమన్నాడు. ఆగస్టు 6న, దక్షిణాది సైన్యం పనులకు వాడిన బానిసల మీద యజమానులకు హక్కు లేదని ఇంకో చట్టం వచ్చింది. నాకు అన్నిటికంటే పెద్ద మార్పు ఇదే అనిపిస్తుంది. తిరుగుబాటు అణచడానికి బయల్దేరిన వాళ్లు బానిసత్వం మీద చెయ్యి వేయక తప్పలేదు. ఆ ఆదివారం రెండు వైపులా చనిపోయింది 850 మంది దాకా. నాలుగేళ్లకు ఆ లెక్క 6 లక్షలు దాటింది.

గెలిచినవాళ్లు వాషింగ్టన్ దాకా ఎందుకు తరమలేదని పెద్దోడు అడిగినాడు. వాళ్లూ అంతే చెదిరిపోయి, అలసిపోయి ఉన్నారని చెప్పినా. వాడికి సరిపోలేదు. ఆదివారం ఫోన్‌లో నిన్నే అడుగుతాడంట, కాస్త వివరంగా చెప్పు.

నీ కొడుకు