మోకాలి మార్పిడి తర్వాత కూడా నొప్పి తగ్గకపోతే

సంపాదకులు గారికి,

మోకాలి మార్పిడి చేయించుకున్న రోగులు రోజుల్లోనే మెట్లెక్కుతున్న ఫొటోలతో ఆసుపత్రుల ప్రకటనలు మీ పత్రికలో సైతం తరచుగా వస్తున్నాయి. ఈ ఆపరేషన్ ఎందరికో మేలు చేసిందన్నది నిజమే. అయితే సుమారు ఐదుగురిలో ఒకరికి నెలలు గడిచినా చెప్పుకోదగ్గ నొప్పి మిగిలిపోతున్నట్టు పలు దేశాల అధ్యయనాల్లో తేలిన సంగతిని ఆపరేషన్ అంగీకార పత్రంపై సంతకానికి ముందే రోగికి చెప్పడం ఆసుపత్రుల బాధ్యత.

తొలి రెండు మూడు నెలలు వాపు, నొప్పి ఉండటం సహజం. ఆ తర్వాతా తగ్గనప్పుడు, ‘వయసు కదా’ అనో, ‘వ్యాయామం సరిగా చేయలేదు’ అనో మాత్రలు మార్చి పంపడం సరికాదు. అన్నింటికన్నా ముందు తేల్చుకోవలసింది ఇన్ఫెక్షన్ సంగతి. జ్వరం లేకపోయినా, కుట్లు చక్కగా మానినా, కృత్రిమ కీలు చుట్టూ క్రిములు నెలల తరబడి ఉండిపోవచ్చు గనుక ఒంట్లో వాపును పసిగట్టే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు చేసి, అనుమానం ఉంటే కీలులోని ద్రవాన్ని తీసి చూడాలి. అంతకుముందే యాంటీబయాటిక్ వాడితే క్రిమి పరీక్షకు చిక్కకపోవచ్చు. మందుల షాపులో అడిగి కొనుక్కునే అలవాటున్న మనకు ఇది చిన్న విషయం కాదు.

అమర్చిన భాగం ఎముక నుంచి వదులైతే కుర్చీలోంచి లేచి వేసే మొదటి అడుగులకే నొప్పి పుడుతుంది. భాగాలు కొద్దిగా మెలి తిరిగి అమరితే చిప్ప పక్కకు లాగుతుంది. దీన్ని మామూలు ఎక్స్‌రే పట్టలేదు, సీటీ స్కాన్ కావాలి. ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్లు వదులవడం, కీలు బిగుసుకుపోవడం, చర్మపు నరం దెబ్బతినడం కూడా కారణాలే. కొందరిలో అసలు లోపం మోకాలిది కాదు: తుంటి కీలు అరిగినా, నడుములో నరం నొక్కుకుపోయినా బాధ మోకాలిలోనే తెలుస్తుంది. ఎక్స్‌రేలో అరుగుదల స్వల్పంగా ఉండగానే ఆపరేషన్ చేయించుకున్నవారికి ఉపశమనం తక్కువన్నదీ గమనించాలి. కారణం తేలకుండా రెండోసారి కోయించుకోవడం దండగ.

2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్ల (అమర్చే కృత్రిమ భాగాల) ధరలకు పరిమితి విధించింది. ఫలితాలపై అలాంటి పట్టింపు లేదు. స్వీడన్ 1975 నుంచే ఈ ఆపరేషన్లను జాతీయ రిజిస్టరులో నమోదు చేస్తోంది. మన రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు కనీసం మూడో నెలలో నొప్పి తీవ్రతను నమోదు చేసే ఉచిత పరీక్షను ఆసుపత్రులకు తప్పనిసరి చేయాలి. అమర్చిన ఇంప్లాంటు కంపెనీ, సైజు, బ్యాచ్ నంబరు డిశ్చార్జి పత్రంలో ఉండేలా, ఎక్స్‌రేలు రోగి చేతికే ఇచ్చేలా ఆదేశాలివ్వాలి. ఇవి దగ్గరుంటే రోగి మరో డాక్టరును సంప్రదించినప్పుడు పరిశీలన మళ్లీ మొదటి నుంచి చేయనక్కరలేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు, గుంటూరు