ఆటుపోట్లు ఆఫీసు వేళలకు రావు, మంత్రిగారూ

గౌరవనీయులైన సినిమాటోగ్రఫీ శాఖ మంత్రిగారికి, విశాఖపట్నం నుంచి చారిత్రక చిత్రాల ఆర్ట్, ప్రొడక్షన్ విభాగాల వాళ్లం నమస్కరించి రాస్తున్నది.

సముద్రతీరంలో షూటింగ్‌కు అనుమతించే వేళలు మార్చమని ఇది మూడో విన్నపం. మొదటి రెండింటికీ రసీదు ముట్టింది, జవాబు రాలేదు.

రుద్రమదేవి సినిమా అనగానే ఓరుగల్లు కోట గుర్తొస్తుంది. కానీ ఆ కథకు సముద్రమూ కావాలి. ఆమె తండ్రి గణపతిదేవుడు సముద్ర వర్తకులకు రక్షణ మాటిస్తూ 1244లో అభయ శాసనం వేయించిన మోటుపల్లి రేవును చూపడానికి భీమిలి తీరాన్ని మించిన చోటు మాకు తెలియదు.

షూటింగ్ అనుమతులన్నీ ఒకేచోట ఇచ్చే మీ సింగిల్ విండో పత్రంలో మాత్రం ‘ఉదయం 10 నుంచి సాయంత్రం 5’ అని అచ్చయి వస్తుంది. గుర్రాల దళం పరుగు గట్టి తడి ఇసుక మీదే తీయాలి. పొడి ఇసుకలో డెక్క దిగబడి ముంగాలి నరం పట్టేస్తే ఆ గుర్రం నెలల తరబడి కుంటుతుంది. మరీ నీటి అంచుకు పోతే కెరటం కాలికింది ఇసుకను లాగేస్తుంది. మధ్యలో ఉండే గట్టి పట్టీ నీరు వెనక్కి తీశాక రెండు మూడు గంటలే దొరుకుతుంది. ఆ వేళ రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. సోమవారం ఉదయం 6కి నీరు తీస్తే, శనివారానికి 10 దాటుతుంది. అంటే అలాంటి వారంలో తొలి రెండు మూడు రోజులు మంచి ఇసుక ఉన్నప్పుడు అనుమతి ఉండదు, అనుమతి ఉన్నప్పుడు పోటు మీదుంటుంది. గుర్రాలు, వాటిని చూసుకునేవాళ్లు, పశువైద్యుడు, ఫైటర్లు అందరూ ఒడ్డున కాచుకు కూర్చోవాలి.

గంట మార్చమంటే కొత్త దరఖాస్తు, కొత్త చలానా. తేదీ జరిగితే జంతు సంక్షేమ బోర్డు అనుమతి కూడా మళ్లీ మొదలు. ఆ నిబంధన ఉండాల్సిందే, గుర్రాల క్షేమం మాకూ ముఖ్యమే. కానీ గుర్రానికి దెబ్బ తగలని వేళ ఇవ్వకపోతే ఎలాగండీ?

ఈలోపు సెట్టు పాడవుతుంది. సరుగుడు కర్రలకు ప్లైవుడ్ కొట్టి, పైన ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో రాతి గోడ పోస్తాం. ఉప్పుగాలికి ప్లాస్టర్ ఉబ్బి పెచ్చులూడుతుంది. మేకు తుప్పుపట్టి ఎర్రటి చార కిందికి కారుతుంది. క్లోజప్‌లో ఆ చార కనపడితే అది 13వ శతాబ్దపు గోడ అని ఎవరు నమ్ముతారు?

మోటుపల్లిలో సుంకం ముప్పైకి ఒకటి అని రాతి మీద చెక్కించారు. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకులో ఆ సుంకం తప్ప ఇంక దేని జోలికీ రామని పరాయి వర్తకులకు మాటిచ్చారు. మాకు మాత్రం అనుమతి కోసం మేం కట్టిన డిపాజిట్ ఎప్పుడు తిరిగొస్తుందో కూడా తెలియదు.

దయచేసి ఆ గంటలు తీయించండి. ‘తెల్లవారింది మొదలు చీకటి పడేదాకా, ఆటుపోట్ల పట్టిక ప్రకారం’ అని రాయించండి. ఆ పట్టికను సర్వే ఆఫ్ ఇండియా ఏటా ముందుగానే వేస్తుంది, దరఖాస్తుకు మేమే జతచేస్తాం. డిపాజిట్‌కు గడువు పెట్టించండి. అక్టోబరు తుఫానులు మొదలైతే ఈ ఒడ్డున గుర్రాన్ని దింపలేం. ఆలోపు జవాబు ఇప్పించండి, గంటలు మార్పించండి.